అంబాసిడర్ ముందు డోరు అద్దం: బిగుసుకుపోయిన చివరి రెండంగుళాలు

1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2. బందరు బండి. కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరైన ఒక మాస్టారిది, వాళ్ల నాన్నగారు కొన్న కారు. టింకరింగు, పెయింటు వేరే చోట పూర్తయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చింది. రంగు బాగుంది, రేకు పని కూడా తీసిపారేసేది కాదు. చిక్కంతా డ్రైవరు వైపు ముందు డోరు అద్దంతో. హ్యాండిలు తిప్పుతుంటే ముప్పావు వంతు దాకా మామూలుగానే ఎక్కుతుంది. చివరి రెండంగుళాల దగ్గర బిగుసుకుంటుంది. బలం పెట్టి తిప్పితే వెనక మూల పైకి లేస్తుంది, ముందు మూల కిందే ఉండిపోతుంది. సగం దించి నడిపితే గలగలా చప్పుడు. వాన పడితే డోర్ ప్యాడ్ కింది అంచు తడిసి, లోపలి అట్ట ఉబ్బిపోతోంది.

మాస్టారు అప్పటికే కొందరికి చూపించారు. అద్దం మిషను, అంటే హ్యాండిలు తిప్పితే అద్దాన్ని ఎత్తే యంత్రం, మార్చాలని ఒకరు, ఫెల్టు, అంటే అద్దం జారే గాడిలో వేసే మెత్తటి పట్టీ, మార్చాలని ఇంకొకరు చెప్పారట. అంచు కాస్త సాన పట్టి తగ్గిస్తే హాయిగా ఎక్కుతుందని మరొకరు. "సాన పడితే పగలదా బాబూ?" అని అడిగారు నన్ను. నిజమైన కారు అద్దమైతే పగిలే అవకాశం బాగా ఉంది మాస్టారూ, అందుకే ముందు అది ఏ అద్దమో చూద్దాం అన్నాను. ఆ చూడటంలోనే అసలు సంగతి బయటపడింది. అది తర్వాత చెబుతాను.

పాత బండి డోరు అద్దం విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అద్దం చేతిలోకి తీసుకునేసరికి ఆ పనిలో తొంభై పాళ్లు అయిపోయి ఉండాలి. డోరు కూర్చోవాలి, అద్దం నడిచే దారి సరిగ్గా ఉండాలి, నీళ్లు పోయే దారి తెరుచుకుని ఉండాలి. ఇవన్నీ కుదిరాక అద్దం దానంతటదే కుదురుతుంది. కుదరకుండా అద్దం పెట్టేసి, తర్వాత మిషనునూ ఫెల్టునూ తిట్టుకుంటూ కూర్చునే బండ్లే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

ఈ కారు నిర్మాణం గురించి కాస్త చెప్పాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్‌ను తయారు చేశారు. 1957లో మొదలై 2014 మే దాకా ఏదో ఒక రూపంలో తయారవుతూనే ఉంది. పక్క అద్దాల మటుకు ఈ మార్క్ 2 డోరులో పాత బ్రిటిష్ పద్ధతే కనిపిస్తుంది. ముందు డోరులో రెండద్దాలు. ముందు వైపు గాలి కోసం తిప్పుకునే ముక్కోణపద్దం, దాని వెనక కిందికీ పైకీ నడిచే పెద్దద్దం. ఈ రెంటి మధ్య ఒక నిలువు పట్టీ. పెద్దద్దానికి ముందు వైపు ఆ పట్టీయే దారి, వెనక వైపు డోరు ఫ్రేములో ఉన్న గాడి దారి. రెంటిలోనూ ఫెల్టు వేసిన చానెలు ఉంటుంది. అద్దం అడుగున ఇనుప చానెలు ఒకటి, దానిలో మిషను చేతి చివర ఉన్న రోలరు అడ్డంగా జారుతుంది. హ్యాండిలు తిప్పితే చేయి లేస్తుంది, రోలరు చానెల్లో జరుగుతూ అద్దాన్ని ఎత్తుతుంది.

అద్దం బల్లపరుపుగా ఉంటుంది. ఇప్పటి కార్ల అద్దాల్లాగా వంపు ఉండదు. కాబట్టి ముందు దారి, వెనక దారి ఒకే తలంలో, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే చాలు, పని సులువు. కానీ ఆ రెండు షరతుల్లో ఏది తప్పినా అద్దం సర్దుకుపోదు. బిగుసుకుంటుంది, లేదంటే గిలగిల్లాడుతుంది. ఈ బండిలో రెండూ ఉన్నాయి. బిగుసుకోవడం, గిలగిల్లాడటం ఒకే డోరులో కనిపిస్తే ఫెల్టును అనుమానించే ముందు కొలతలను అనుమానించాలి.

డోర్ ప్యాడ్ విప్పాం. ఈ బండిలో హ్యాండిలు వెనక గుండ్రటి బిళ్ళ స్ప్రింగు మీద ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పట్టుకుంటే హ్యాండిలు మెడలో అడ్డంగా చిన్న పిన్ను కనిపిస్తుంది, సన్నటి సుమ్మాతో (పిన్నులు తోసే ఇనుప పనిముట్టుతో) దాన్ని తోస్తే హ్యాండిలు చేతికొస్తుంది. ఇది తెలియక స్క్రూడ్రైవరు పెట్టి పెకలించిన గాట్లు ప్యాడ్ మీద అప్పటికే ఉన్నాయి. ప్యాడ్ తీయగానే లోపల ప్లాస్టిక్ షీటు లేదు. వాన నీటిలో సగం కథ అక్కడే అర్థమైంది.

డోరు అడుగున చెయ్యి పెట్టి చూస్తే గరుకుగా ఏదో తగిలింది. తోలు గ్లౌజు వేసుకుని తీస్తే పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్న అద్దం ముక్కలు, గుప్పెడు. అంటే ఈ డోరులో ఎప్పుడో టఫెన్డ్ అద్దం (కొలిమిలో కాల్చి గట్టిపరిచిన కారు అద్దం) ఒకటి పగిలింది. ముక్కలను ఎవరూ ఊడ్చలేదు. అవి కిందికి జారి, డోరు అడుగు అంచున నీళ్లు పోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన రంధ్రాల్లో ఇరుక్కున్నాయి. వాటి మీద పెయింటు షాపు వాళ్లు అండర్‌కోటింగు కొట్టేశారు. రంధ్రాలు పూర్తిగా మూసుకుపోయాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, చాలామందికి నమ్మకం కుదరదు. కిందికి దిగే అద్దం ఉన్న ఏ డోరులోకైనా నీళ్లు పోతాయి. పోవాలి కూడా. అద్దం బయటి వైపు డోరు నడుము దగ్గర, అంటే అద్దం డోరులోకి దిగే సందు దగ్గర, ఉండే రబ్బరు పట్టీ చాలా నీటిని ఆపుతుంది కానీ మొత్తం ఆపలేదు. మిగిలింది డోరు బయటి రేకు లోపలి ముఖం మీదుగా కిందికి జారి అడుగు రంధ్రాల్లోంచి పోతుంది. లోపలి వైపు ప్లాస్టిక్ షీటు ఉంటే ఆ నీరు ప్యాడ్‌కు తగలదు. షీటు లేదు, రంధ్రాలు లేవు అంటే డోరు ఒక తొట్టి అయిపోయినట్టే. బందరు లాంటి సముద్రపు గాలి ఊళ్లో ఆ తొట్టి ఎంత కాలం నిలుస్తుంది? అడుగు మడతలో తుప్పు అప్పటికే మొదలైంది. అదృష్టం కొద్దీ పైపైన ఉంది, రేకు తినలేదు. బ్రష్షుతో గీకి, తుప్పు ఆపే ప్రైమరు పూసి, మడతలోకి వేడి చేసిన వ్యాక్సు పోశాం. రంధ్రాలను డ్రిల్లు బిట్టుతో కాకుండా చేత్తో వెదురు పుల్ల పెట్టి తెరిచాం. బిట్టు పెడితే రంధ్రం అంచున పెయింటు లేచి, మళ్లీ అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

ఇక అద్దం దగ్గరికొద్దాం.

పగిలిన ముక్కలు చెబుతున్నది డోరులో ముందు ఉన్న అద్దం గురించి. ఇప్పుడున్నది తర్వాత వేసింది. దాని నాలుగు మూలలా వెతికినా ఎక్కడా చెక్కిన గుర్తు లేదు. ఎడమ డోరు అద్దం మీద తయారీ గుర్తు స్పష్టంగా ఉంది. దీని మీద లేదు. అంచు చూస్తే రాయి మీద చేత్తో సాన పట్టిన గీతలు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట పగటి వెలుతురులో వాలుగా చూస్తే టఫెన్డ్ అద్దంలో మచ్చలు మచ్చలుగా, కొన్నిట్లో చారలుగా ఒక వరస కనిపిస్తుంది. అద్దాన్ని కొలిమిలో 600 డిగ్రీలు దాటించి, వెంటనే రెండు వైపులా గాలి ఊది చల్లార్చినప్పుడు ఆ గాలి తగిలిన తీరు లోపల ఒత్తిడిగా ముద్ర పడిపోతుంది. మాస్టారికి కళ్లద్దాలిచ్చి ముందు ఎడమ డోరు చూడమన్నాను. మచ్చలు కనిపించాయి. కుడి డోరు చూడమన్నాను. ఏమీ లేదు. శుభ్రంగా, ఖాళీగా ఉంది. అది కిటికీలకు వేసే మామూలు అద్దం. 5 మి.మీ. గాజు పలకను ఆకారానికి కోసి పెట్టేశారు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మనవరాలు ముందు సీట్లో కూర్చుంటుందయ్యా" అన్నారు తర్వాత.

ఆ మాటలో ఉన్నదంతా నిజమే. టఫెన్డ్ అద్దం పై పొర నొక్కుడులో ఉంటుంది, లోపలి భాగం లాగుడులో ఉంటుంది. ఎక్కడ దెబ్బ తగిలి పై పొర తెగినా లోపలున్న లాగుడు ఒక్కసారిగా విడుదలై అద్దమంతా మొద్దు అంచులున్న చిన్న ముక్కలైపోతుంది. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి పొడవాటి పెళ్లలు వస్తాయి. గుద్దుకుంటే ఆ పెళ్ల మెడ పక్కనే ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 100వ నియమం కారుకు సేఫ్టీ గ్లాసు (టఫెన్డ్ లాంటి రక్షణ అద్దం) గానీ సేఫ్టీ గ్లేజింగ్ గానీ ఉండాలంటుంది, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలనీ అంటుంది. మన దేశంలో బండ్ల సేఫ్టీ గ్లాసుకు ఐఎస్ 2553 రెండో భాగం ప్రమాణం. పాత కారు కదా, నెలకోసారి బయటికి తీస్తాం కదా అనుకోవడానికి వీల్లేని విషయం ఇది. పాత అంబాసిడర్‌లో సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు. ఉన్న కాసింత రక్షణలో అద్దం ఒకటి.

ఇదే కారణంగా టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయడం, సాన పట్టడం, రంధ్రం వేయడం కుదరదు. ఏం చేసినా కొలిమికి ముందే చేయాలి. "అంచు కాస్త తగ్గిస్తా" అని ఎవరైనా ధైర్యంగా అంటున్నారంటే మీ అద్దం మామూలు గాజని ఆయనకు తెలుసన్నమాట, లేదా అద్దం గురించి ఆయనకే తెలియదన్నమాట.

కొత్తద్దం ఎక్కడ తేవాలి? రెండు దారులు. ఆకారం కాగితం మీద దించి టఫెనింగ్ యూనిట్‌లో కొత్తగా చేయించుకోవడం ఒకటి. ఇళ్ల తలుపులకు, షవర్ గదులకు అద్దాలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ బండ్ల అద్దానికి ఉండాల్సిన ప్రమాణం గుర్తు వాళ్లు వేయలేరు. నేను అటు వెళ్లను. రెండోది పాత అంబాసిడర్ డోర్ల నుంచి అసలు అద్దం తీసుకోవడం. ఆటోనగర్ స్క్రాపు కొట్లలో అంబాసిడర్ డోర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. గుర్తున్న అద్దమే, అంచు ఎక్కడా చిట్లనిదే ఎంచాలి. అంచున గోరంత చిట్లు ఉన్నా వద్దు, పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

మాకు దొరికిన అద్దం అంచులు నిక్షేపంగా ఉన్నాయి. ముఖం మీద మాత్రం నిలువుగా సన్నటి గీతలు. ఫెల్టులో ఇరుక్కున్న ఇసుక గీసినవి అవి, దాదాపు ప్రతి పాత అద్దానికీ ఉంటాయి. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు ఆగకపోతే సీరియం ఆక్సైడు పొడితో, ఫెల్టు ప్యాడుతో, తడిగా, నెమ్మదిగా రుద్ది పోగొట్టొచ్చు. గోరు ఆగిందంటే వదిలేయడం మంచిది. లోతైన గీత పోయేదాకా రుద్దితే అక్కడ గాజు పల్లమై, దాంట్లోంచి చూస్తే రోడ్డు వంకరగా కనిపిస్తుంది. డ్రైవరు పక్క అద్దంలో అది పనికిరాదు. మా అద్దంలో గీతలు చాలా వరకు పోయాయి. ఒకటి మిగిలింది, డోరు లోపలికి దిగిపోయే అడుగు భాగంలో. అలాగే ఉంచాం.

అద్దం సిద్ధమైంది కానీ పెట్టలేదు. ముందు డోరు. కీలు దగ్గర వాలిన డోరులో అద్దాన్ని ఎంత బాగా సర్దినా వృథా. తర్వాత డోరు ఎత్తగానే మొత్తం మారిపోతుంది. ఈ బండి డోరు వెనక అంచు కాస్త కిందికి ఉంది. కీలు పిన్నుల్లో అరుగుదల లేదు, బోల్టులు బిగించేటప్పుడే డోరు సరిగ్గా ఎత్తి పట్టుకోలేదు. దాన్ని సరిచేశాక స్తంభానికీ డోరు ఫ్రేముకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా వచ్చింది. డోరు చుట్టూ కొత్తగా అంటించిన రబ్బరు బీడింగు కూడా చూశాం. బజారులో దొరికే లావు బీడింగు వేస్తే డోరు మూసినప్పుడు అది పై ఫ్రేమును బయటికి తోస్తుంది. డోరు తెరిచి ఉన్నప్పుడు చక్కగా నడిచే అద్దం మూయగానే బిగుసుకునేది అందుకే. ఈ బండిలో బీడింగు పర్వాలేదు.

తర్వాత దారి కొలత. దీనికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. రెండు సన్నటి చెక్క పట్టీలు పక్కపక్కన పెట్టి, ముందు గాడి అడుగు నుంచి వెనక గాడి అడుగు దాకా చాచి, చిన్న క్లాంపుతో బిగించి, తీసి కొలుస్తాం. పైన, మధ్యలో, నడుము దగ్గర. ఈ డోరులో నడుము దగ్గరి కంటే పైన 4 మి.మీ. తక్కువ వచ్చింది. అద్దం వెడల్పు మారదు. దారి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే అద్దం ఏం చేస్తుంది? కింద వదులై గలగలమంటుంది, పైన బిగుసుకుంటుంది. మాస్టారి ఫిర్యాదులో ఎదురుబొదురుగా కనిపించిన రెండు ముక్కలకూ ఇదే మూలం.

పైన ఎందుకు సన్నబడింది? నిలువు పట్టీ పై కొస వెనక్కి వాలింది. ముక్కోణపద్దం ఫ్రేము ముందుకు పూర్తిగా కూర్చోలేదు. ఆ ఫ్రేమును విప్పి చూస్తే డోరు ఫ్రేము గాడిలో లప్పం, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, పొర మీద పొర. గాడి మూలలో మెరిసే రంగు గడ్డ కట్టి ఉంది. దానికి తోడు కొత్త రబ్బరు ఆ మూల దగ్గర మడత పడి ఉబ్బింది. ఇవన్నీ కలిసి ఫ్రేమును వెనక్కి తోశాయి.

గాడిలోని రంగును సన్నటి ఉలితో, చుట్టూ టేపు వేసుకుని, లోపలి వరకే తీశాం. బయటికి కనిపించే రంగుకు గీత పడకూడదు, గాడిలో మాత్రం పల్చటి ప్రైమరు తప్ప మరేమీ ఉండకూడదు. రబ్బరును మూల దగ్గర సరిగ్గా కోసి, సబ్బు నీళ్లతో జార్చి కూర్చోబెట్టాం. ఫ్రేము పై కొస 3 మి.మీ. ముందుకు వెళ్లింది. మిగిలిన ఒక్క మిల్లీమీటరు తేడాను పట్టీ అడుగు బోల్టు దగ్గర సర్దాం. అక్కడ రంధ్రం పొడవుగా ఉంటుంది, సర్దుకోవడానికే. పెయింటుకు పంపే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఒకటుంది: అద్దం గాడుల్లో టేపు వేయించండి. బయటి రంగు ఎంత మందంగా ఉన్నా ఇబ్బంది లేదు, గాడిలో అర మిల్లీమీటరు పెరిగినా ఇబ్బందే.

దారి సమాంతరమైంది కదా అని అద్దం పెట్టేయలేదు. అద్దం మందమున్న ప్లైవుడ్ ముక్కను అద్దం ఆకారానికి కోసి, ఫెల్టు వేసిన దారిలో చేత్తో పైకీ కిందికీ నడిపాం. ఎక్కడైనా పట్టేస్తే చేతికి తెలుస్తుంది, పగిలేదేమీ లేదు. ఇలా చేస్తేనే రెండు దారులూ ఒకే తలంలో ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది. పట్టీ లోపలికో బయటికో మెలితిరిగి ఉంటే చెక్క ముక్క ఒక మూల గాడి గోడకు ఒరుసుకుంటుంది. ఈ పద్ధతి మా టింకర్ బాబాయ్ నేర్పింది. ఆయన రేకు పని చేసేవాడే కానీ అద్దం నడవని డోరును పూర్తయిన డోరుగా ఎప్పుడూ ఒప్పుకోడు.

ఫెల్టు గురించి కొంచెం. బజారులో ఏ బండికైనా సరిపోతుందని అమ్మే ఫెల్టు చానెలు వస్తుంది. దాంట్లో చాలావాటికి పెదవులు ఎత్తు ఎక్కువ, గాడి అడుగు మందం ఎక్కువ. ఈ డోరులో అదే వేశారు, పైగా వంపు దగ్గర నొక్కుకుపోయి ఉంది. వంపు దగ్గర లోపలి ఉక్కు తీగను కొద్ది కొద్దిగా కోసి వంచాలి, ఒకేసారి మడిస్తే లోపలికి గడ్డలా పొడుచుకొస్తుంది. అద్దం మందానికి సరిపోయిన ఫెల్టు తెచ్చి, గాడిలో అతుకు లేకుండా ఒకే ముక్కగా వేశాం. జిగురు అక్కడక్కడ చుక్కలుగా మాత్రమే. మొత్తం పూసేస్తే ఫెల్టు దారాల్లోకి ఎక్కి గట్టిపడి అద్దాన్ని గీస్తుంది.

ఇక అడుగు చానెలు. రెండంగుళాల చిక్కుకు రెండో కారణం ఇక్కడ ఉంది.

పాత అద్దాన్ని బయటికి తీసినప్పుడు అడుగు చానెలు నల్లటి సిలికానుతో అంటించి ఉంది. చానెలు లోపల తుప్పు ఎర్రగా, తడిగా. సిలికాను ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది ఇనుముకు మంచిది కాదు. దానికంటే పెద్ద సంగతి, చానెలు అద్దం మీద ఉండాల్సిన చోట లేదు. ఎడమ డోరులో అద్దం ముందంచు నుంచి చానెలు మొదలు దాకా కొలిచి, కుడివైపు దాంతో పోల్చాం. కుడివైపు చానెలు సుమారు 20 మి.మీ. ముందుకు జరిపి బిగించారు.

ఆ ఇరవై మిల్లీమీటర్లు ఏం చేస్తాయంటే, మిషను చేయి తిరుగుడులో పైకి లేస్తుంది, నేరుగా కాదు. కాబట్టి అద్దం ఎక్కుతున్నకొద్దీ రోలరు చానెల్లో అడ్డంగా జరుగుతూ ఉండాలి. చివర్లో వెనక వైపు ఇంకాస్త జరగాల్సి ఉంది. చానెలు ముందుకు ఉండటం వల్ల దాని వెనక కొస ముందే వచ్చేసింది. రోలరు ఆ కొసకు తగిలి ఆగింది. ఇంకా తిప్పితే పైకి ఎత్తాల్సిన బలమంతా అద్దాన్ని వెనక్కి తోస్తుంది, వెనక మూలనే ఎత్తుతుంది. ముందు మూల కిందే. చానెలు వెనక కొసలో రోలరు గుద్దిన చోట ఇనుము వెండిలా మెరుస్తోంది. ఆ మెరుపు చూపించాక మాస్టారికి నేను ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు. మిషను మార్చమన్నవాళ్లు కొత్త మిషను వేసి ఉంటే కొత్త రోలరు కూడా అక్కడే గుద్దుకునేది.

చానెలును గీకి, ప్రైమరు వేసి, అద్దానికీ చానెలుకూ మధ్య రబ్బరు పట్టీతోనే బిగించాం. పద్ధతి ఇది. అద్దం మీద చానెలు ఉండాల్సిన చోటు టేపుతో గుర్తు పెట్టుకోవాలి. రబ్బరు పట్టీని అద్దం అడుగంచు మీద యూ ఆకారంలో మడిచి సబ్బు నీళ్లతో తడపాలి. చానెలును దాని మీద పెట్టి, రెండు వైపులా చెక్క దిమ్మెలు వేసి క్లాంపుతో కొద్ది కొద్దిగా నొక్కాలి. సుత్తితో కొట్టకూడదు, చెక్క సుత్తైనా సరే. అద్దం అంచు ఎక్కడా ఇనుముకు నేరుగా ఆనకూడదు. చానెలు వదులుగా వస్తే ఇంకాస్త మందమున్న రబ్బరు వెతకాలి తప్ప జిగురుతో నింపకూడదు. గట్టిగా కూర్చున్న రబ్బరు పట్టీ చేత్తో లాగితే కదలదు, మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే మాత్రం వస్తుంది.

మిషను బాగానే ఉంది. విప్పి, కిరసనాయిల్లో కడిగి, పళ్లు చూసి, రోలరు దగ్గర ఆట లేదని తేల్చుకుని, పళ్ల మీద, రోలరు మీద గ్రీజు పెట్టాం. చుట్ట స్ప్రింగు ఉన్న మిషను విప్పేవాళ్లు పళ్ల చక్రాన్ని ముందు కట్టేసి విప్పాలి, లేకపోతే అది విడిపోయి వేళ్లు తెగుతాయి.

బిగింపు వరస మా షెడ్డులో ఇలా ఉంటుంది. మిషను వదులుగా తగిలించి కిందికి దించి పెడతాం. ముక్కోణపద్దం ఫ్రేము ఇంకా బయటే ఉంటుంది కాబట్టి పెద్దద్దం దిగడానికి చోటు దొరుకుతుంది. అద్దాన్ని ముందుకు వాల్చి నడుము సందులోంచి దింపి, రోలరును చానెల్లో ఎక్కించి, అద్దాన్ని పైకి లేపి ఫ్రేము మీదుగా వెడల్పాటి టేపుతో కట్టేస్తాం. అప్పుడు ముక్కోణపద్దం ఫ్రేము పెట్టి పట్టీ పై స్క్రూ, కింది బోల్టు చేతి బిగువు వరకు బిగిస్తాం. టేపు విప్పి, అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, ఆ స్థితిలో మిషను బోల్టులు బిగిస్తాం. అద్దం పైకి ఎక్కిన చోటే మిషను తన చోటు తను వెతుక్కుంటుంది. కింద ఉన్నప్పుడు బిగిస్తే ఆ చోటు తప్పుతుంది. పట్టీ కింది బోల్టు మాత్రం అన్నిటికంటే ఆఖర్న, అద్దాన్ని పైకీ కిందికీ నడిపి చూశాక.

డోరు అడుగున అద్దం ఆగే రబ్బరు బుడిపె ఈ బండిలో లేదు. అది లేకపోతే అద్దం నడుము కంటే కిందికి దిగిపోతుంది, మళ్లీ ఎక్కేటప్పుడు పై అంచు రబ్బరు పట్టీని గుద్దుకుంటుంది. కొత్తది వేశాం. నడుము దగ్గరి రెండు పట్టీలూ కొత్తవే. వాటి క్లిప్పులు కొత్త రంగును గీసేస్తాయి, ఆ గీత దగ్గరే మూడేళ్లకు తుప్పు బుడగలు లేస్తాయి. అందుకే ప్రతి క్లిప్పు కింద కాస్త వ్యాక్సు పూసి నొక్కాం. ఆ తర్వాత ప్యాడ్ వెనక మందపాటి ప్లాస్టిక్ షీటు, కింది అంచు డోరు లోపలికి మడిచి. మడత లోపలికి ఉంటేనే షీటు మీద జారిన నీరు డోరులోకి పడుతుంది. బయటికి ఉంటే ప్యాడ్ మీదికే వస్తుంది.

పరీక్ష డోరు మూసే చేశాం. అద్దం వేలితో తిప్పినట్టుగా ఎక్కలేదు, కొత్త ఫెల్టు కాబట్టి కాస్త బరువుగా ఎక్కింది, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు. ఆ ఒకేలా ఉండటమే నాకు కావలసింది. సగం దించి డోరు వేస్తే చప్పుడు లేదు. దినపత్రిక కాగితం ముక్కను ఫెల్టుకూ అద్దానికీ మధ్య పెట్టి చుట్టూ లాగి చూశాం, ఎక్కడా వదులుగా జారలేదు. చెంబుతో నడుము పట్టీ వెంబడి నీళ్లు పోశాం. కొంత లోపలికి వెళ్లింది, వెళ్లింది వెళ్లినట్టే డోరు అడుగు రంధ్రాల్లోంచి ధారగా నేల మీద పడింది. ప్యాడ్ పొడిగా ఉంది.

మాస్టారికి రెండు జాగ్రత్తలు చెప్పాం. ఫెల్టుకూ రబ్బరుకూ నూనె, గ్రీజు ఏదీ వేయొద్దు. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అంటుకుని గీతలు పడతాయి. బరువుగా అనిపిస్తే పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే ఫెల్టు మీద కొట్టి తుడిచేయాలి. వానాకాలానికి ముందు నాలుగు డోర్ల అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి చూసుకోవాలి. కొలతలన్నీ డోర్ ప్యాడ్ వెనక రాసి పెట్టాం: పైన, మధ్యలో, నడుము దగ్గర గాడుల మధ్య దూరం, చానెలు అద్దం అంచు నుంచి ఎంత దూరం. తర్వాత ఎవరు విప్పినా వెతుక్కోనక్కర్లేదు.

"మరి ఎడమ డోరు కూడా చేసేయండి" అన్నారాయన. చేయలేదు. ఆ డోరు అద్దం అసలుది, దారి కొలతలు సరిగ్గా ఉన్నాయి, చానెలు ఉన్న చోట ఉంది. ఫెల్టు మాత్రం గట్టిపడింది. దానికి సరిపోయే ఫెల్టు మిగిలిన ముక్కల్లో లేదు, అతుకేసి పెట్టడం నాకిష్టం లేదు. నిండు పొడవు ముక్క వచ్చాక ఫెల్టు ఒక్కటే మార్చాలి, అడుగు చానెలును ముట్టుకోకుండా.